తీసిన పొర

కంప్యూటర్ దగ్గుతోందని ఎవరైనా వచ్చి చెబితే వాళ్ల ముఖం మీదే నవ్వేదాన్ని. నాకసలే నోరు ఆగదు. కానీ మొన్న మే నెలలో, పట్టపగలు రెండు గంటలప్పుడు, నా బల్ల మీద ఒక పాత కంప్యూటర్ దగ్గింది. పొడిగా రెండుసార్లు దగ్గి, కాస్త ఆగి, మూడోసారి లోపలి నుంచి లాగి దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. అలా దగ్గే మనిషిని ఫిబ్రవరిలో సమాధి చేశారు.

నా పేరు నస్రీన్. మార్కాపురం బస్టాండు వెనక సందులో మా అబ్బా మౌలా సాహెబ్ రేడియోలు బాగుచేసిన దుకాణంలోనే నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. బోర్డు మీద ఇప్పటికీ రేడియో బొమ్మే ఉంటుంది. మార్చమని సలహా ఇచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, పెయింటు డబ్బా తెచ్చినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఆ కంప్యూటర్ ఒక పలకల ఫ్యాక్టరీ ఆఫీసుది. అక్కడి గుమాస్తా వెంకటేష్ దాన్ని బండి మీద ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. పలకరాయి పొడి పట్టి కంప్యూటరూ, తెచ్చినవాడి చొక్కా రెండూ బూడిదరంగులోనే ఉన్నాయి.

"పది నిమిషాలు పని చేసి దానంతటదే ఆరిపోతాందక్కా. ఎక్స్‌పోర్టు కాగితాలు కొట్టాల. సాయంత్రానికి కావాల."

"దీన్ని ఎప్పుడన్నా తుడిచినావా?"

"రోజూ తుడుస్తా గదక్కా, పైన."

"పైన తుడిస్తే లోపలికి పుణ్యం పోతాదా?" అన్నాను. అతను నవ్వి, అన్నం తినొస్తానని పోయాడు.

స్విచ్ వేశాను. అప్పుడే ఆ దగ్గు వినపడింది.

ఫ్యాను ఇరుసులో పలకల పొడి చేరితే రెక్కలు తడబడి అలాంటి శబ్దం వస్తుంది. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని, నాకు ఆ సంగతి తెలియదా? తెలిసినా ఒంట్లో చలి పుట్టింది. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ కాస్తోంది. స్విచ్ ఆపాక కూడా ఫ్యాను ఊరికే ఆగలేదు. తిరిగి తిరిగి, ఆగబోతూ ఇంకొక్కసారి దగ్గి ఆగింది.

ఇది కొత్త కాదు. ఒకప్పుడు మా దుకాణంలో నాతోపాటు పనిచేసిన జీవానందం అన్న, ఫిబ్రవరిలో పోయినప్పటి నుంచి నన్ను వదలలేదు. దయ్యంలా వచ్చి ఉంటే ఖురాన్ ఆయత్‌లు చదివించి ఊదించుకునేదాన్ని. ఆయన అలా రాలేదు. కూలర్ల కింద నుంచి వచ్చాడు.

ఇది అర్థం కావాలంటే పేస్టు సంగతి చెప్పాలి. కంప్యూటర్‌కు మెదడు లాంటి ప్రాసెసర్ ఉంటుంది, దాని వేడిని లాగడానికి పైన కూలర్ కూర్చుంటుంది. రెండూ అద్దంలా నున్నగా కనపడతాయి కానీ వాటి మీద కంటికి ఆనని గుంటలు ఉంటాయి. ఆ గుంటల్లో గాలి నిలిస్తే వేడి పైకి పోదు. అందుకని మధ్యలో చిటికెడు పేస్టు పెట్టి బిగిస్తాం. చవకగా దొరికే తెల్ల పేస్టు మన ఎండలకు ఏడాది తిరిగేసరికి సున్నంలా ఎండి రాలుతుంది. బూడిదరంగుది కాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది. అది తక్కువైతే వేడి, ఎక్కువైతే పక్కలకు కారి గలీజు.

దాన్ని పెట్టే పద్ధతి ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. నేను కందిగింజంత చుక్క నడిమధ్యలో పెట్టి కూలర్ అదుముతాను. ఆ బరువుకు అదే గుండ్రంగా పరుచుకుంటుంది. జీవానందం అన్న అలా కాదు. పన్నెండేళ్లు పలకల పని చేసిన మనిషి. పలకరాతి చెక్కొకటి బ్లేడంత పలచగా అరగదీసుకుని, దాంతో పేస్టును ఎడమ నుంచి కుడికి, నాలుగు మూలల దాకా పరిచేవాడు. ఆ గీతలు నాలుగంటే నాలుగే, అన్నీ ఒకే వెడల్పు. కొసలకు పుయ్యాలమ్మా అని నా వెంట పడేవాడు. నేనేమో, గోడకు సున్నం వేస్తున్నావా అన్నా, అని ఏడిపించేదాన్ని.

పలకల పని నుంచి ఆయనను మా దుకాణానికి తెచ్చింది అబ్బా. పొడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడవుతున్నాయని, ఇంకా ఆ పనిలోనే ఉంటే బతకడని ఒంగోలు డాక్టరు చెప్పాడు. అబ్బా ఆయనకు రేడియోలు అతకడం నేర్పారు, తరవాత నాతోపాటు కంప్యూటర్లు నేర్చుకున్నాడు. అబ్బా పోయే ముందు నాకు చెప్పింది ఒకటే మాట. "జీవానందాన్ని మళ్లా ఆ పొడిలోకి పోనియ్యాకు." సరే అబ్బా అన్నాను.

ఆ మాట నేను నిలబెట్టుకోలేదు. ఎలా తప్పానో చెప్పకుండా దాటేయవచ్చు కానీ, దాటేసి దాటేసి నేనే అలిసిపోయాను.

రెండు వేల పంతొమ్మిదిలో కంభంలో ఫొటో స్టూడియో నడిపే కాటమరాజు రెండు కంప్యూటర్లు చేయించుకున్నాడు. పెళ్లిళ్ల సీజను, రేపే కావాలని కూర్చున్నాడు. ఒకటి నేను బిగించాను, ఒకటి అన్న బిగించాడు. ఏది ఎవరిదో రాసిపెట్టుకునే అలవాటు మాకు లేదు. వారం తిరక్కముందే కాటమరాజు వచ్చి, బల్ల మీది అద్దం పగిలేటట్టు ఒక ప్లాస్టిక్ పొరను అరచేత్తో నా ముందు కొట్టాడు.

కొత్త కూలర్ అడుగున గీతలు పడకుండా ఒక పలచని పొర అంటించి పంపుతారు. దాన్ని ఒలిచేసి బిగించాలి. ఒలవకపోతే పేస్టు ఎంత మంచిదైనా మధ్యలో ప్లాస్టిక్ ఉంటుంది గదా, వేడి కదలదు. కాటమరాజు కంప్యూటర్‌లో ఆ పొర అలాగే ఉండిపోయింది. పెళ్లి వీడియో మధ్యలో అది నలభైసార్లు ఆరిపోయిందట. కంభంలో ఇంకెవరో విప్పి, లోపలి పొరను చేతిలో పెట్టి పంపారు.

"ఎవరు బిగించినారు దీన్ని?" అన్నాడు. దుకాణంలో ఐదారుగురు ఉన్నారు. "ఆడమనిషి దుకాణమని తెలిసీ ఇచ్చినా చూడు, నా చెప్పుతో నన్నే కొట్టుకోవాల."

నా ఒళ్లు మండింది. ఆ ఒక్క మాట పడకుండా ఉండడానికి నేను పదిహేనేళ్లు కష్టపడ్డాను. ఎదురుగా పొర ఉంది, పక్కన అన్న ఉన్నాడు. దాన్ని చేత్తో ముట్టుకుని చూడను కూడా లేదు.

"నేనైతే ఒక్క పొర కూడా మర్చిపోయిందాన్ని కాదు. మా అన్న పలకల్లోంచి వచ్చినాడు గదా, పలకకూ పలకకూ మధ్య కాగితం పెట్టి కట్టే అలవాటు ఇంకా పోలా" అన్నాను.

అందరూ నవ్వారు. కాటమరాజు కూడా నవ్వాడు. మార్కాపురంలో ఆ మాట అర్థం కానివాళ్లెవరు? నవ్వుతో అతని కోపం సగం దిగింది. నేను గెలిచాననుకున్నాను.

అన్న నవ్వలేదు. బల్ల మీది పొర తీసుకుని, గుమ్మం దగ్గరికి పోయి వెలుతుర్లో కాసేపు చూశాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "సరేలేమ్మా, నాదే తప్పు" అన్నాడు.

మరునాడు ఆయన రాలేదు. నేను ఫోన్ చెయ్యలేదు. వయసులో పదిహేనేళ్లు పెద్దవాడు, అంతమందిలో పరువు తీసినదాన్ని నేను, పిలవాల్సింది నేనే. అయినా, ఇంత చిన్న మాటకే అంత రోషమా, ఆయనే వస్తాడులే అనుకున్నాను. నాలుగోనాడు ఎవరో చెప్పారు, ఆయన పలకల గ్రైండింగుకు పోతున్నాడని. గ్రైండింగు అంటే పొడి పుట్టే చోటే. నేను పంపానా, ఆయనే పోయాడు అని అబ్బా ఫొటోకు చెప్పుకున్నాను. ఐదేళ్లు అదే చెప్పుకున్నాను.

ఫిబ్రవరిలో సమాధుల తోట గేటు దాకా పోయాను. లోపల పాటలు పాడుతున్నారు. పెట్టె దింపుతున్నప్పుడు ఎవరైనా తిరిగి నా వైపు చూస్తారేమోనని గేటు బయటే నిలబడి, బయటి నుంచే వచ్చేశాను.

అప్పటి నుంచి మొదలైంది. అర్ధవీడు నుంచి ఒక మాస్టారి కంప్యూటర్, పొదిలి నుంచి ఒక వ్యాపారిది, పామూరు నుంచి ఒక జిరాక్సు షాపుది. అన్నీ పాతవే, ఎండలకు వేడెక్కి వచ్చినవే. కూలర్ ఎత్తితే కింద నాలుగు గీతలు. ఎండిపోయినా చెదరలేదు. చచ్చిపోయిన మనిషి రాసిన ఉత్తరం విప్పినట్టుండేది నాకు. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచేదాన్ని. తుడవక ఏం చేస్తాను? గుడ్డ బూడిదరంగులోకి మారేది. పదకొండు కంప్యూటర్లు విప్పాను. ఒక్కదాంట్లో కూడా పొర లేదు, ఒక్క మూల కూడా ఖాళీ లేదు. ఇలాంటి మనిషి ఆ రోజు పొర వదిలేశాడా? ఈ ప్రశ్న నన్ను అన్నం కూడా తిననివ్వలేదు.

ఇప్పుడు ఈ ఫ్యాక్టరీ కంప్యూటర్ వచ్చింది. బ్లోయర్ పెట్టి పొడి ఊదాను. బూడిద మబ్బు లేచి నా ముక్కులోకి, గొంతులోకి పోయింది. దగ్గు నాకూ వచ్చింది. దగ్గుతూనే కూలర్ క్లిప్పులు విప్పి పైకెత్తాను.

నాలుగు గీతలు ఉన్నాయి. కానీ ప్రతి గీతా మధ్యలో తెగింది. చెయ్యి ఒక్కసారి ఎగిరి, మళ్లీ అక్కడి నుంచే అందుకుని కొస దాకా లాగినట్టు ఉంది. పూస్తుండగా దగ్గు వచ్చిందన్నమాట. దగ్గు ఆగేదాకా చెయ్యి పైకెత్తి పట్టుకుని, మళ్లీ పూశాడు.

కుర్చీలో కూలబడ్డాను. అప్పుడు డబ్బా లోపలి గోడ కనపడింది. దాని మీద సెల్లోటేపుతో ఒక పలచని ప్లాస్టిక్ పొర అతికించి ఉంది. చుక్క పేస్టు కూడా అంటని శుభ్రమైన పొర.

వెంకటేష్ మూతి తుడుచుకుంటూ వచ్చాడు. "ఇదేంది, ఎవరు అతికించినారు?" అని అడిగాను.

"జీవానందం మామ అక్కా. మా గ్రైండింగులో ఉండేటోడు. మూడేండ్ల కింద కూలర్ పోతే కొత్తది ఆయనే వేసినాడు. ఇదెందుకు మామా ఇక్కడ అతికిస్తాండావంటే, తీసినానని తెలియాల గదా, రేపు ఎవరన్నా విప్పితే అన్నాడు. నువ్వుండంగ ఇంకెవరు విప్పుతారు అన్నా. విప్పేటోళ్లు విప్పుతారులే అన్నాడు."

మార్కాపురంలో విప్పేవాళ్లు ఇంకెవరున్నారు? ఆ పొర నాకోసమే అతికించాడు. ఎప్పుడో ఒకప్పుడు ఈ డబ్బా నా బల్ల మీదికి వస్తుందని, నేను కూలర్ ఎత్తుతానని ఆయనకు తెలుసు. నా కళ్ల ముందు ఆ రోజు గుమ్మం దగ్గర అన్న వెలుతుర్లో పట్టుకుని చూసిన పొర మెదిలింది. దాని మీద పేస్టు ఎలా ఉందో నేను చూడలేదు. ఆయన చూశాడు. మూలల దాకా ఉంటే అది ఆయనది, గుండ్రంగా ఉంటే నాది. అంతే తేడా. ఆ ముక్క దొరికితే నిజం తెలుస్తుంది.

"గంటలో వస్తా, దుకాణం చూసుకో" అని వెంకటేష్‌కు చెప్పి స్కూటీ తీశాను.

అన్న ఇల్లు ఫ్యాక్టరీల వెనక కాలనీలో. అక్కడి ప్రహరీలన్నీ పనికిరాని పలక ముక్కలు పేర్చినవే. అన్న భార్య సువార్తమ్మ వరండాలో కూర్చుని బొంత కుడుతోంది. ఐదేళ్ల తరవాత ఆ గడప తొక్కాను. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు.

"కూచో" అంది.

"వదినా, ఒకటి అడగాల. అన్న దగ్గర ఒక ప్లాస్టిక్ ముక్క ఉండాల. చిన్నది, అరచేతిలో పట్టేంత. ఎప్పుడో జేబులో పెట్టుకొని వచ్చినాడు."

సూది ఆగింది.

"అడుగుతావనే చెప్పినాడు" అంది. "ఆ పిల్ల వచ్చి అడిగితే ఇయ్యి, అడగకపోతే నాతోనే పెట్టెలో పెట్టెయ్ అన్నాడు. ఆ రోజు నువ్వు గేటు కాడ నిలబడింది చూసినా. లోపలికి వస్తావేమోనని చేతిలోనే పెట్టుకొని ఉన్నా. నువ్వు తిరిగి పోయినావు. పెట్టెలో పెట్టేసినా."

పది అడుగులు లోపలికి వేసి ఉంటే అది నా చేతికి వచ్చేది.

"దాని మీద బూడిదరంగు మరక ఉండాల. ఎట్లుండె వదినా?"

"ఎట్లుండేదేంది, గుండ్రంగా. నడుమ రూపాయి బిళ్లంత. మూలల్లో ఏమీ లేదు. బొట్టు పెట్టినట్టు ఉందే అన్నా నేను. ఆయన నవ్వినాడు. కొసలకు పుయ్యమంటే వినదే అన్నాడు. ఎవరు వినదయ్యా అంటే చెప్పలా."

ఆ రోజు కాటమరాజు కంప్యూటర్ బిగిస్తుండగా నాకు ఫోన్ వచ్చింది. ఇన్నేళ్లూ గుర్తు రానిది అప్పుడు గుర్తొచ్చింది. పార్శిల్ వాడితో కేకలు వేస్తూ, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ నొక్కిపట్టి, చుక్క పెట్టి కూలర్ అదిమేశాను.

"వదినా, ఆ బొట్టు నేను పెట్టింది. తప్పు నాది. అన్నది కాదు. అందరి ముందర ఆయన మీద వేసినా" అన్నాను.

ఆమె సూదిని బొంతలో గుచ్చింది. కోప్పడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండనుకున్నాను.

"ఆయనకు తెలుసునా?"

"ఆ రోజే తెలుసు. వెలుతుర్లో పట్టుకొని చూసినాడు."

"తెలిసే పోయినాడా?" అని తనలో తను అనుకున్నట్టు అంది. తరవాత గోడ వైపు చూస్తూ చెప్పింది. "పొద్దున్నే లేచి గ్రైండింగుకు పోతానంటే నేను అడ్డం పడినా. డాక్టరు వద్దన్నాడు గదయ్యా అన్నా. వారమే సువార్తా అన్నాడు. ఆ పిల్లకు కోపం వారం ఉండదు, పిలుస్తాది, అంతదాకా ఇంట్లో కూర్చొని ఏం చేసేది అన్నాడు. సద్ది కట్టే గిన్నెకు మూత సరిగ్గా లేదు, పొడి పడతాది, కొత్తది కొందామన్నా. వారానికి కొత్త గిన్నె ఎందుకే అన్నాడు. ఐదేండ్లు ఆ గిన్నెలోనే తీసుకపోయినాడు."

నేను ఏడ్చాను. ఆమె లోపలికి పోయి నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది. తాగి పో అంది. మళ్లీ నా వైపు చూడలేదు, బొంత తీసుకుని కుట్టుకుంటూ కూర్చుంది. ఆమెను క్షమించమని అడిగే ముఖం నాకు లేదు, అడగలేదు.

దుకాణానికి వచ్చేసరికి నాలుగు దాటింది. వెంకటేష్ టైము చూసుకుంటున్నాడు. పెన్నుల డబ్బాలో అడుగున అన్న పలక చెక్క ఐదేళ్లుగా అలాగే ఉంది. పారెయ్యలేదు, వాడలేదు. దాన్ని తీసి కడిగాను. ఆ తెగిన గీతలను స్పిరిట్‌తో తుడిచాను. ఫ్యాను విప్పి ఇరుసులో పొడంతా తీసి ఒక చుక్క నూనె వేశాను. బూడిదరంగు పేస్టు తీసుకుని, చెక్కతో ఎడమ నుంచి కుడికి, నాలుగు మూలలకూ పూశాను. నా గీతలు వంకరగా వచ్చాయి. రెండుసార్లు తుడిచి మళ్లీ పూశాను. లోపలి గోడ మీది పొరను మాత్రం ముట్టుకోలేదు.

స్విచ్ వేశాను. ఫ్యాను మెత్తగా తిరిగింది. ఆపి మళ్లీ వేశాను. మూడోసారి ఆపి, చెవి దగ్గర పెట్టి మళ్లీ వేశాను.

"దగ్గడం లేదు గదక్కా, బాగైంది. ఇంకేం వింటాండావు?" అన్నాడు వెంకటేష్.

"కాసేపు ఉండు నాయనా" అన్నాను. ఇంకొక్కసారి వినపడుతుందేమోనని చీకటి పడేదాకా దాన్ని ఇవ్వలేదు.